అడక్కుండానే ‘1’ వేయకండి

సంపాదకులకు నమస్కారం.

2027 ఫిబ్రవరిలో జనాభా లెక్కల వాళ్ళు గోండు, కోయ గూడేలకూ వస్తారు. మతం గడి దగ్గర ప్రతిసారీ దొర్లే తప్పు ఈసారైనా దొర్లకూడదని ఈ ఉత్తరం.

2011 ఫారంలో మతం ఏడో ప్రశ్న. హిందువులకు 1, ముస్లింలకు 2, క్రైస్తవులకు 3, సిక్కులకు 4, బౌద్ధులకు 5, జైనులకు 6. ఈ ఆరింటిలో లేని మతమైతే అంకె వేయకూడదు, చెప్పిన పేరును అక్షరాల్లో పూర్తిగా రాయాలి. రాసే చోట జరిగేది వేరు. ఇంటాయన పేరు భీంరావు అనగానే, గోడ మీద దేవుడి క్యాలెండర్ కనబడగానే 1 పడిపోతుంది. “మీరు హిందువులేగా?” అనడమూ అడగనట్టే. జవాబు ముందే నోట్లో పెడితే ఎవరైనా తలూపుతారు. ఇంకో చిక్కు: “మీదే మతం?” అంటే పెద్దవాళ్ళు “మేం గోండులం” అంటారు. రాసేవాళ్ళు దాన్ని ఎనిమిదో ప్రశ్నలో తెగ పేరుగా వేసుకుని, ఏడులో మళ్ళీ 1 వేస్తారు.

గోండుల పెద్ద దేవుడు పెర్సాపేన్‌ను కొలిచేవాళ్ళు, పుష్య అమావాస్యకు కేస్లాపూర్ నాగోబా కోసం హస్తినమడుగు దాకా కాలినడకన వెళ్ళి గోదావరి నీళ్ళు తెచ్చే మెస్రం వంశీయులు, వంశాలవారీగా ఇలవేల్పులను నిలుపుకున్న కోయలు తమ ధర్మానికి ఏ పేరు చెబితే అదే రాయాలి. హిందువులమని చెప్పే ఆదివాసీలూ ఉన్నారు, వాళ్ళకు 1 వేయాల్సిందే.

వేరే పేరు చెబితే ఎస్టీ సర్టిఫికెట్ పోతుందన్న భయం గూడేల్లో బాగా ఉంది. పోదు. మతం షరతు ఉన్నది ఎస్సీలకు: హిందూ, సిక్కు, బౌద్ధం, ఈ మూడే. ఎస్టీ ఉత్తర్వులో అలాంటి షరతు లేదు. హిందూ వివాహ చట్టం సైతం, కేంద్రం ప్రత్యేకంగా నోటిఫై చేస్తే తప్ప, ఎస్టీలకు వర్తించదని రెండో సెక్షన్‌లోనే ఉంది. పెళ్ళికి వర్తించని మాట లెక్కకు మాత్రం వర్తించడం విడ్డూరమే.

అమెరికాలో విక్కా అనే, ప్రకృతిని కొలిచే పేగన్ మతస్థులు తమ సైనికుల సమాధి రాళ్ళపై తమ మత చిహ్నమైన ఐదు కోణాల నక్షత్రం చెక్కించుకోవడానికి కోర్టుకెక్కాల్సి వచ్చింది, 2007లో గానీ దక్కలేదు. మన దగ్గర అంత దూరం పోనక్కర్లేదు, ఉన్న నిబంధన పాటిస్తే సగం పని అయిపోతుంది.

మిగతా సగం మనవాళ్ళ చేతిలోనే ఉంది. 2011లో ‘ఇతర మతాలు’ కింద తేలినవాళ్ళు దేశమంతటా దాదాపు 79 లక్షలు. అందులో సర్నా (జార్ఖండ్ వైపు ఆదివాసీలు తమ ధర్మానికి చెప్పుకునే పేరు) అన్నవాళ్ళే 49 లక్షలు దాటారు. అందరూ ఒకే మాట చెప్పబట్టే అది అంకెగా నిలిచింది. ఫారంలో సర్నాకు ప్రత్యేక కోడ్ కోరుతూ జార్ఖండ్ అసెంబ్లీ 2020 నవంబరులో తీర్మానం చేసిందంటే దాని వెనక ఈ అంకె బలం ఉంది. ఇక్కడ ఒకరు కోయ, ఒకరు కోయపునెం, ఒకరు గోండి, ఇంకొకరు ఉత్త ఆదివాసీ అంటే లెక్క ముక్కలవుతుంది. రాయిసెంటర్ల (ఆదివాసీ పెద్దల పంచాయతీల) సార్మేడీలు, అంటే వాటి పెద్దలు, గూడెం పటేళ్ళు సంక్రాంతిలోపు కూర్చుని ఒకే పేరు, ఒకే స్పెల్లింగ్ తేల్చి, కాగితం మీద రాసి ఇంటింటికీ ఇవ్వాలి.

ఈసారి నమోదు ఫోన్‌లో. ఆరు మతాల్లో లేని పేరు ఎక్కడ టైప్ చేయాలో రాసేవాళ్ళు శిక్షణ రోజే సూపర్‌వైజర్‌ని అడిగి, ఒకసారి చేయించి చూడాలి. ఇంటివాళ్ళు కూడా వివరాలు పంపేముందు మతం దగ్గర ఏం పడిందో చదివి వినిపించమనాలి.

– జనగణన విధులు చేసిన కొందరు ఉపాధ్యాయులు, ఉట్నూరు