గుర్రానికి జరిమానా

ఒరేయ్ శీనుగా,

జవాబు ఆలస్యమైంది, తిట్టుకో. ఇక్కడంతా కులాసా. నీ సంగతులు తర్వాత. ముందు ఇది విను, చెప్పకపోతే కడుపుబ్బి చచ్చేట్టున్నాను.

పాత ఇంగ్లండులో గుర్రపుశాల కుర్రాడు సవారీలో చచ్చిపోతే శిక్ష ఎవరికో తెలుసా? గుర్రానికి! ఈ పద్ధతిని 'డియోడాండ్' అనేవాళ్లు, అంటే దేవుడికి ఇచ్చెయ్యాల్సింది అని. కరోనర్ (అనుమానాస్పద మరణాలని విచారించే అధికారి) జరిపే శవపంచాయతీలో జ్యూరీ గుర్రానికి వెల కట్టేది. యజమాని గుర్రాన్నో ఆ సొమ్మునో వదులుకోవాలి. అది రాజుకో, ఆ హక్కున్న దొరకో పోయేది. పిల్లాడి తల్లికి? దమ్మిడీ హక్కు లేదు.

అసలు ఆ కుర్రాళ్లు పడి చావడం కంటే, గుర్రం ఈడ్చుకుపోయి చావడం ఇంకా ఘోరంరా. రికాబు బూటు కంటే ఓ అంగుళం మాత్రమే వెడల్పుండాలి, అంతకు మించకూడదు. కానీ యజమాని కొలతకి చేసిన రికాబులో కుర్రాడి చిన్న పాదం మడమ దాకా దూరిపోతుంది. పక్కకి పడ్డాడా, చీలమండ అడ్డంగా ఇరుక్కుంటుంది. పక్కన ఏదో వేలాడుతోందని గుర్రం ఇంకా బెదిరి ఉరుకుతుంది, వెనక డెక్కలు సరిగ్గా తలకే తగులుతాయి. పైగా జీను కట్టేటప్పుడు గుర్రం పొట్ట ఉబ్బిస్తుంది (నాలాగే!). నాలుగడుగులు నడిపించి, జీనుని పట్టి ఉంచే పొట్ట కింది పటకా మళ్లీ బిగించకపోతే జీను మనిషితో సహా పొట్ట కిందికి తిరుగుతుంది. నీళ్లకి తీసుకెళ్లేటప్పుడు జీనే ఉండదు, తలకి కట్టిన పగ్గాన్ని చేతికి చుట్టుకుంటారు. గుర్రం బెదిరితే అదే ఉరి.  

ఇంకో తిరకాసు. నిలబడ్డ గుర్రం మీంచి పసివాడు పడి చస్తే డియోడాండ్ లేదు, పెద్దవాడైతే ఉంది! ఎందుకంటావ్? పసివాడికి పాపం అంటదు, కాబట్టి వాడి ఆత్మ కోసం ప్రార్థనలు చేయించడానికి ఈ సొమ్ము అక్కర్లేదని. గుర్రం తనంతట తాను చంపితే మాత్రం చిన్నాపెద్దా తేడా లేదు. ఇదంతా రాస్తుంటే మొదట నవ్వొచ్చింది, ఇప్పుడు రావట్లేదు.

రైళ్లొచ్చాక దీని పని పట్టారు. 1841లో ఇంగ్లండులోని సోనింగ్ దగ్గర జరిగిన రైలు ప్రమాదంలో జ్యూరీ ఇంజనుకీ పెట్టెలకీ కలిపి 1000 పౌండ్లు వేసేసరికి కంపెనీలు గగ్గోలు పెట్టాయి. 1846లో రద్దయింది. అదే ఏడు, ఎవరి తప్పువల్లనైనా మనిషి పోతే ఇంటివాళ్లు పరిహారం కోరొచ్చని చట్టం వచ్చింది. అంటే అంతకుముందు శతాబ్దాల తరబడి ఆ తల్లులు... ఉండు, టపా కట్టే వేళైంది, మిగతాది మరో ఉత్తరంలో.

నీ
రాంబాబు