పేరు రాయొద్దన్న అక్కకు

మా ఆయన పోయాక, పిల్లాడి ఫీజు టెన్షన్‌లో ఉన్న రోజుల్లో, ఆదివారం ఆరాధన అయ్యాక మీరే వచ్చి నా పక్కన కూర్చున్నారు. ప్రార్థన చేసి వెళ్లిపోతారనుకున్నాను. "లేసు అల్లడం వచ్చా?" అని అడిగారు. నర్సాపురం పిల్లని కదా, రాకేం! 19వ శతాబ్దంలో మిషనరీలు ఇక్కడ నేర్పిన పనే అది. కానీ దళారీ ఇచ్చేది కూరగాయలకూ చాలదు. మీరు నాలుగుసార్లు తిరిగి, నెల జీతం ఇచ్చే చోట మాట్లాడారు. బ్యాంకులో ఫారం నింపుతుంటే నా చెయ్యి వణికింది. మీరు నవ్వి, కాగితం కదలకుండా పట్టుకున్నారు. మొదటి జీతంతో చీర తెస్తే తీసుకోలేదు, అప్పుడు మాత్రం నాకు కోపమొచ్చింది. పిల్లాడిప్పుడు పాలిటెక్నిక్‌లో చేరాడు. వందనాలు అక్కా.