హనోయ్ ఒప్పందం గురించి అమ్మలుకు

విశాఖపట్నం

అమ్మలూ,

నువ్వు పంపిన హనోయ్ ఇంగ్లీషు ట్యూషన్ సెంటరు ఉద్యోగ ఒప్పందం మూడుసార్లు చదివాను. మీ నాన్న జీతం అంకె దగ్గరే ఆగి, దాన్ని రూపాయల్లోకి మార్చుకుని, అప్పుడే వీధిలో ఇద్దరికి చెప్పి వచ్చారు. నేను గంటల దగ్గర ఆగాను.

వారానికి 25 గంటల బోధన అని రాశారు. డబ్బు ఆ 25 గంటలకే. పాఠం సిద్ధం చేసుకోవడం, నోటుపుస్తకాలు దిద్దడం, తల్లిదండ్రులతో మాట్లాడడం, కొత్తగా చేరేవాళ్ళకు ఉచితంగా చెప్పే నమూనా తరగతి, అన్నిటినీ 'ఇతర విధులు' అనే ఒక్క మాటలో సర్దేశారు. ఆ మాటతో నాకు పాత పరిచయం. ద్వారకానగర్‌లో 11 ఏళ్ళు స్పోకెన్ ఇంగ్లీషు చెప్పాను కదా, గంటకు ఇంతని. రిజిస్టర్లో గంటకో సంతకం. మధ్యలో కరెంటు పోయి చీకట్లో కూర్చుంటే మా యజమాని ఆ గంట పక్కన ఎర్రసిరాతో '½' అని వేసేవారు. ఇంట్లో కుక్కర్ పక్కన నిలబడి దిద్దిన వ్యాసాలకు మాత్రం అరగంట కూడా వేయలేదు. ఒకసారి పేపరు మీద పసుపు మరక పడితే, "మేడం, ఇది ఎన్ని మార్కులకు గుర్తు?" అని అడిగాడొక కుర్రాడు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు నువ్వు ఆరో తరగతి. మా సెంటరు రేకులు ఎగిరిపోయి మూడు వారాలు తరగతులు లేవు. తరగతి లేదు గనక జీతమూ లేదు. ఆ నెల నీ స్కూలు బస్సు డబ్బు పిన్ని కట్టింది. ఈ సంగతి నీకు ఇంతవరకూ చెప్పలేదు.

అందుకే అడుగుతున్నాను. వియత్నాంలో టెట్ అంటే మనకు సంక్రాంతి లాంటిది, ఆ రోజుల్లో సెంటర్లు మూసేస్తారు. ఆ సెలవులకు డబ్బు ఇస్తారా? ఒప్పందంలో ఎక్కడా లేదు. జ్వరం వస్తే? అదీ లేదు. పిల్లలు బడి నుంచి వచ్చాకే ట్యూషన్లు గనక నీ పని సాయంత్రాల్లో, శని ఆదివారాల్లో ఉంటుంది. రెండు తరగతుల మధ్య ఖాళీగా కూర్చునే గంటల సంగతి కూడా రాయించుకో.

ఇక ఇంగ్లీషు మాతృభాష అయిన దేశాల వాళ్ళకు ఒక రేటు, నీకు ఇంకో రేటు. ఒళ్ళు మండింది. ఇది ఒక్క హనోయ్ జబ్బు కాదు. దక్షిణ కొరియాలో ఇంగ్లీషు టీచర్లకు ఇచ్చే ఇ-2 వీసా కూడా ప్రధానంగా ఏడు దేశాల పౌరులకే. ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఇఫ్లూలో ఎం.ఏ., ఆపైన విద్యార్థుల ముందు ఆరు గంటలు పాఠం చెప్పి తెచ్చుకున్న ఇంగ్లీషు బోధన సర్టిఫికెట్టు సెల్టా, ఇవన్నీ పాస్‌పోర్టు ముందు దిగదుడుపే అన్నమాట. దీనికి నా దగ్గర మందు లేదు. బేరమైతే ఆడు, సెల్టా చూపించి మరీ ఆడు.

ముందు పర్యాటక వీసా మీద వచ్చేయమన్నారట. ఒప్పుకోకు. ఆ 90 రోజుల ఇ-వీసా మీద పని చేయడం అక్కడ చట్టవిరుద్ధం. దొరికితే దేశం దాటించేది నిన్ను, సెంటరును కాదు. వర్క్ పర్మిట్‌కు దరఖాస్తు పెట్టాల్సింది యజమానే. అది చేతికి రాకుండా విమానం ఎక్కవద్దు.

2024 మే నెలలో మన నగర పోలీసులు బయటపెట్టిన కాంబోడియా వ్యవహారం గుర్తుందా? డేటా ఎంట్రీ ఉద్యోగమని మన కుర్రాళ్ళను తీసుకెళ్ళి సైబర్ మోసాలు చేయించారు. నీ సెంటరూ అలాంటిదే అనడం లేదు. కానీ మధ్యవర్తి లక్షన్నర అడిగాడన్నావు. ప్రభుత్వం దగ్గర నమోదైన ఏజెంటు తీసుకోదగ్గది 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. అలాంటి ఏజెంట్ల జాబితా ఉండే ప్రభుత్వ ఇ-మైగ్రేట్ సైటులో ఆ మధ్యవర్తి పేరు వెతికాను, కనిపించలేదు. నువ్వూ ఒకసారి చూడు.

పెన్సిల్‌తో ఏడు చోట్ల గీతలు గీసి ఆ కాగితాలు రేపు కొరియర్‌లో పంపుతున్నాను. మూడో పేజీ మీద మరక పసుపు కాదు, మీ నాన్న కాఫీ.

అమ్మ