ఓదార్చడానికి ట్రైనింగ్ ఏంట్రా?

హైదరాబాద్
ఆదివారం రాత్రి

ఒరేయ్ సత్యం,

మొన్న ఫోన్లో నువ్వు నవ్విన నవ్వు ఇంకా చెవుల్లోనే ఉంది. "ఓదార్చడానికి ట్రైనింగ్ ఏంట్రా? మా హన్మకొండలో ఎవరైనా పోతే, ఎవరు నేర్పారని అందరూ వెళ్ళి కూర్చుంటున్నారు?" అన్నావు. మెట్రోలో ఉన్నాను, తార్నాక వచ్చేసింది, జవాబు చెప్పకుండానే దిగిపోయాను. దుఃఖంలో ఉన్నవాళ్ళతో ఎలా మాట్లాడాలో కొత్త థెరపిస్టులకి నేను నేర్పే ఆ రెండు రోజుల క్లాసు ఇవాళ సాయంత్రంతో అయిపోయింది. గొంతు పూర్తిగా పోయింది, అందుకే రాస్తున్నాను. రాయడానికి ఇంకో కారణం కూడా ఉంది. అది తర్వాత.

నువ్వన్నదాంట్లో తప్పేం లేదు. పరామర్శ మనవాళ్ళకి పుట్టుకతో వచ్చిన విద్య. ఆ ఇంట్లో పొయ్యి వెలగదని పక్కింటివాళ్ళు ఎవరూ చెప్పకుండానే అన్నం పంపిస్తారు. వచ్చినవాళ్ళు చాప మీద కాసేపు ఊరికే కూర్చుంటారు. లేచేటప్పుడు 'వెళ్ళొస్తాం' అనరు, గమనించావా? ఆ ఒక్క మాట మింగేసి వెళ్ళిపోతారు. క్లాసుకి పాతబస్తీ నుంచి వచ్చిన ఒకావిడ "మేం దీన్ని పుర్సా అంటాం సార్" అని, మూడో రోజు జియారత్, నలభయ్యో రోజు చెహల్లుం అనే ప్రార్థనల గురించి చెప్పింది. భర్త పోయినావిడ ఇద్దత్ అనే గడువులో నాలుగు నెలల పది రోజులు అత్యవసరమైతే తప్ప గడప దాటదు కాబట్టి, ఆమెని క్లినిక్‌కి రమ్మనకండి, ఫోన్లో మాట్లాడండి అని అందరికీ ఆవిడే పాఠం చెప్పింది. నా నోట్సులో లేని సంగతి. అక్కడికక్కడే రాసుకున్నా.

కానీ ఇదంతా ఊరందరికీ తెలిసిన చావుకి. మా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది ఇంటికి పరామర్శకి ఎవరూ రారు. ఎందుకు రారో చెప్తా విను.

శనివారం మధ్యాహ్నం, గోంగూర పప్పు తిన్న మత్తులో ఉన్నారు అందరూ. మొత్తం 21 మంది. ముగ్గురేసి కూర్చోబెట్టాను: ఒకరు క్లయింటు, ఒకరు థెరపిస్టు, మూడోవారు నోరు మూసుకుని గమనించాలి. క్లయింటు ఎవరనేది చీటీ తీస్తే తేలుతుంది. ఒక కుర్రాడికి 'పెంపుడు కుక్క చనిపోయిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగి' అని వచ్చింది. ముందు వాణ్ణీ, వాడి థెరపిస్టునీ అందరి ఎదుటా చేయమన్నాను. "మా టామీ పోయింది సార్" అన్నాడో లేదో హాలంతా గొల్లుమంది. నాక్కూడా మూతి బిగబట్టుకోవడం కష్టమైంది. వాడు మాత్రం నవ్వలేదు. "ఆఫీసులో తాతగారు పోయారని చెప్పి రెండు రోజులు సెలవు పెట్టాను. ఆయన పోయి ఆరేళ్ళయింది. మేనేజర్ చాలా బాధపడుతూ మెసేజ్ పెట్టాడు. దానికి థాంక్స్ కొడుతూ ఏడ్చాను" అన్నాడు. నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది.

టీ బ్రేకులో పక్కకి పిలిచి, "తాతగారి సంగతి చీటీలో లేదు కదా, అప్పటికప్పుడు భలే కల్పించావు" అన్నా. ఉస్మానియా బిస్కెట్ చాయ్‌లో ముంచి అలాగే పట్టుకున్నాడు. అది విరిగి కప్పులో పడిపోయింది. "పేరు టామీ కాదు సార్" అన్నాడు.

కెన్నెత్ డోకా అని ఒక అమెరికన్ ప్రొఫెసర్ 1989లో దీనికి ఒక పేరు పెట్టాడు. తెలుగులో నేను 'హక్కు లేని దుఃఖం' అని చెప్తుంటాను. బాధ ఉంటుంది, కానీ బాధపడే అర్హత నీకుందని లోకం ఒప్పుకోదు. విడాకులైన భర్త చనిపోతే ఆవిడ ఎక్కడ కూర్చోవాలి? ఎవరికీ చెప్పని ప్రేమలో ఉన్న మనిషి యాక్సిడెంట్లో పోతే, ఆ అమ్మాయి శవం దగ్గర 'ఆఫీసు ఫ్రెండ్స్' వరసలో నిలబడాలి. ఐదో నెలలో కడుపు పోతే పేరుండదు, బారసాల ఉండదు, కర్మ ఉండదు, సెలవుచీటీలో కూడా 'ఆరోగ్యం బాగోలేదు' అనే రాయాలి.

అలాంటి ఒకావిడకి నేను చేసిన నిర్వాకం నీకెప్పుడూ చెప్పలేదు. ప్రాక్టీసు మొదలుపెట్టిన కొత్త. ఆవిడ అరగంట మాట్లాడాక, ధైర్యం చెబుదామని "మీది చిన్న వయసే కదండీ" అన్నాను. అంతే. తలూపింది, ఫీజు కట్టింది, మళ్ళీ రాలేదు. రిపోర్టుల ఫైలు కుర్చీలో మర్చిపోయింది. అందులో స్కానింగ్ బొమ్మ ఉంది. తీసుకెళ్ళమని రెండుసార్లు ఫోన్ చేశా, ఎత్తలేదు. వివరాలు ఇంతకు మించి చెప్పను. కానీ ఇప్పుడు ట్రైనింగ్‌లో మొదటి గంట ఆ 'చిన్న వయసే కదండీ'తోనే మొదలవుతుంది.

ఏం చేస్తామంటే, మనం చావింట్లో విన్న ఓదార్పు మాటలన్నీ బోర్డు మీద రాయిస్తాను. 'కాలమే అన్నీ మాన్పుతుంది', 'పోయినవాళ్ళతో మనమూ పోలేం కదా', 'దేవుడికి మంచివాళ్ళే కావాలి', 'నువ్వే ఇలా అయిపోతే పిల్లల గతేంటి', 'పండుటాకు, రాలిపోయింది'. బోర్డు నిండిపోతుంది. అప్పుడు డస్టర్ తీసుకుని మొత్తం తుడిచేసి, "ఇవేవీ వాడకుండా పది నిమిషాలు మాట్లాడండి" అంటాను. అప్పుడు చూడాలి వాళ్ళ అవస్థ! ఫ్యాను చప్పుడు వినిపిస్తుంది. ఒకరు నీళ్ళ బాటిల్ మూత తీసి పెడుతుంటారు. ఒకరు టిష్యూ పెట్టె క్లయింటు ముఖం మీదికి తోసేస్తారు. టిష్యూ చేతికి అందేలా పెట్టండి, చేతిలో పెట్టకండి అంటాను, ఎందుకంటే చేతిలో పెడితే 'ఇక చాలు, తుడుచుకో' అన్నట్టే ఉంటుంది. చివరికి ఎవరో ఒకరికి తడుతుంది, "ఆయన పేరేంటండీ?" అని అడగాలని. "ఆయనకి ఏం కూర ఇష్టం?" అనేది ఇంకా మంచి ప్రశ్న. దానికి జవాబు చెప్పనివాళ్ళని నేను చూడలేదు.

థియరీ నిన్ను విసిగించను, కానీ ఒక్కటి చెప్పాలి. నువ్వు కూడా ఎక్కడో చదివే ఉంటావు, దుఃఖానికి ఐదు దశలని. ఎలిజబెత్ క్యూబ్లర్ రాస్ 1969లో రాసింది. ఆవిడ మాట్లాడింది చావు దగ్గరపడిన రోగులతో. వాళ్ళ గురించి రాసిన దాన్ని తీసుకొచ్చి మిగిలిపోయినవాళ్ళ మీద రుద్దేశారు. ఇప్పుడు క్లయింట్లే వచ్చి, "నాకింకా కోపం దశ రాలేదండీ, ఏమైనా తేడా ఉందా?" అని టెన్షన్ పడుతున్నారు. నాకు నచ్చింది 1999లో స్ట్రోబ్, షుట్ అనే ఇద్దరు చెప్పింది. మనిషి కాసేపు పోయినవాళ్ళ వైపు, కాసేపు బతుకు వైపు ఊగుతుంటాడు, ఆ ఊగడమే ఆరోగ్యం అంటారు. మా వీధి చివర కిరాణా కొట్టు ఆవిడ ఇంట్లో మనిషి పోయిన పదిహేనో రోజునే షట్టర్ ఎత్తింది. అందరూ ముక్కున వేలేసుకున్నారు. మధ్యాహ్నం షట్టర్ సగం దించి బియ్యం బస్తా మీద కూర్చుని ఏడ్చేది, నాలుగింటికి మళ్ళీ ఎత్తి పాలప్యాకెట్లు అమ్మేది. ఆ థియరీ నాకు అర్థమైంది ఆ కొట్టు చూశాకే.

మరి ఎప్పుడు డాక్టర్ దగ్గరికి పంపాలి అని ప్రతి బ్యాచ్‌లో అడుగుతారు. 2022లో అమెరికా సైకియాట్రిస్టుల రుగ్మతల జాబితా పుస్తకంలో దీర్ఘకాల దుఃఖాన్ని ఒక రుగ్మతగా చేర్చారు. పెద్దవాళ్ళకైతే కనీసం ఏడాది దాటాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో ఆరు నెలలు. గడువొక్కటే చాలదు, బాధ మనిషిని రోజూ కదలనివ్వకుండా చేయాలి, వాళ్ళ ఆచారానికి మించి ఉండాలి. సంవత్సరీకం దాకా పండగ చేసుకోని ఇంటిని చూసి 'డిజార్డర్' అని రాసేయకూడదు కదా. 2021 కరోనా సెకండ్ వేవ్‌లో నాన్నని దూరం నుంచి, కవర్లో చుట్టిన మూటగా మాత్రమే చూసినవాళ్ళు ఇప్పటికీ వస్తున్నారు. వాళ్ళ దుఃఖానికి రోజుల లెక్కే ఇంకా మొదలు కాలేదు.

ఒరేయ్, పిట్టకి పెట్టడం గుర్తుందా? మీ నానమ్మ పోయినప్పుడు నేనూ వచ్చాను కదా. ఆమెకి ఇష్టమైనవన్నీ విస్తరాకులో పెట్టి, కాకి కోసం అందరం దూరంగా నిలబడ్డాం. కాకి వచ్చింది, గోడ మీద కూర్చుంది, ముట్టలేదు. ఎండ మండిపోతోంది. మీ నాన్న ముందుకెళ్ళి, "అమ్మా, చెల్లె సంగతి నేను చూసుకుంటా, నువ్వు మనసులో ఏం పెట్టుకోకు" అన్నాడు. అందరి ముందు, అంత గట్టిగా. మీ మేనత్తకీ ఆయనకీ అప్పటికి ఎన్నేళ్ళుగా మాటల్లేవో! తర్వాత కాకి తిన్నదో లేదో నాకు గుర్తులేదు, మీ మేనత్త ఏడవడం మాత్రం గుర్తుంది. మేం క్లినిక్‌లో ఖాళీ కుర్చీ వేసి, అందులో పోయినవాళ్ళు కూర్చున్నట్టు అనుకుని చెప్పాలనుకున్నది చెప్పమంటాం. కుర్చీతో మాట్లాడమంటే మనవాళ్ళకి సిగ్గు. కాకితో అయితే పది తరాల నుంచి మాట్లాడుతున్నారు. ఈసారి క్లాసులో ఈ ముక్క చెప్తే, గచ్చిబౌలి నుంచి వచ్చినావిడ "మా అపార్ట్‌మెంట్లో కాకులేవి సార్, అన్నీ పావురాలే" అంది. పెద్దకర్మ రోజు కారేసుకుని కాకిని వెతుక్కుంటూ వెళ్ళారట.

ఇవాళ పొద్దున సెషన్ బరువైనది. తనంతట తాను ప్రాణం తీసుకున్నవాళ్ళ కుటుంబాలు. 'ఆత్మహత్య' మాటలోనే హత్య ఉంది చూడు. ఇంట్లోవాళ్ళు ఆ మాట అనలేక 'గుండెపోటు' అని చెప్తారు. పోస్టుమార్టం, పంచనామా, పోలీసుల ప్రశ్నలు, తర్వాత చుట్టాల ప్రశ్నలు. ఆ ఇంటికి పరామర్శకి వచ్చేవాళ్ళలో కొందరు ఆరా తీయడానికే వస్తారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వచ్చాక, ఆత్మహత్యకి ప్రయత్నించినవాళ్ళు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నారనే చూడాలి, శిక్షించకూడదు. చట్టం మారింది, మన నోళ్ళింకా మారలేదు. 'ఎందుకు చేసుకున్నాడు' అని మీరు మాత్రం అడగకండి, వాళ్ళు రాత్రంతా తమని తాము అదే అడుక్కుని వచ్చుంటారు అని చెప్పాను. కానీ 'మీకూ చనిపోవాలని అనిపిస్తోందా' అని సూటిగా అడగాలి. అలా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని కొత్తవాళ్ళు భయపడతారు. అలా పుట్టదు. చాలామంది ఎవరో ఒకరు అడిగారని ఊపిరి పీల్చుకుంటారు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 అందరి చేతా ఫోన్లో సేవ్ చేయించాను. ఇరవై నాలుగు గంటలూ, ఉచితంగా, తెలుగులో మాట్లాడొచ్చు. నువ్వూ సేవ్ చేసుకో, మీ కాలేజీ పిల్లలకి పనికొస్తుంది.

ఇక ఆ ఇంకో కారణం.

మీ బాబాయి ఇంట్లోంచి వెళ్ళిపోయి, జాడ తెలియకుండా పన్నెండేళ్ళు నిండాయి, దర్భలతో బొమ్మ చేసి కర్మ చేయించేద్దామంటే పిన్ని ఒప్పుకోవడం లేదని పోయిన ఏడాది నన్ను అడిగావు. "చేయించెయ్యరా, ఆమెకి ఒక ముగింపు దొరుకుతుంది" అని పెద్ద పండితుడిలా చెప్పాను. అది తప్పు సలహా. పాలీన్ బాస్ అనే ఆవిడ వియత్నాం యుద్ధంలో జాడ తెలియకుండా పోయిన సైనికుల భార్యలతో పనిచేసింది. మనిషి ఉన్నాడో లేడో తెలియని నష్టానికి ముగింపు అనేదాన్ని బయటివాళ్ళు అంటగట్టకూడదంటుంది. ఉన్నాడు, లేడు, రెండూ ఒకేసారి మనసులో పట్టుకుని బతకడానికే తోడుండాలట. ఏడేళ్ళు కబురు లేకపోతే కోర్టు చనిపోయినట్టు లెక్కేసుకోవచ్చు. ఆ కాగితం బ్యాంకుకి కావాలంటే బ్యాంకు కోసం తీసుకోండి. పిన్ని బొట్టు జోలికి మాత్రం వెళ్ళకు.

ఇదంతా నాకు ముందే తెలుసు. ఏళ్ళ తరబడి పాఠం చెప్తున్నాను. మీ ఇంటి విషయానికి వచ్చేసరికి చుట్టంలా మాట్లాడాను.

ఇంకో తప్పు కూడా చేశాను. ఇవాళ మధ్యాహ్నం ఈ పాఠం చెప్తూ పిన్ని సంగతి చెప్పేశాను. పేరు, ఊరు, వరస అన్నీ మార్చాను. కానీ ఆయన టేబుల్ మీద వదిలేసి వెళ్ళిన ఆ చిన్న నోకియా ఫోన్ గురించి, ఆయనకి నోటికొచ్చిన నంబరు అదొక్కటే అని పిన్ని ఇప్పటికీ దానికి రీచార్జ్ వేయిస్తుందని, రాత్రిపూట దిండు పక్కన చార్జింగ్ పెడుతుందని చెప్పాను. నిన్ను అడగలేదు, ఆమెని అడగలేదు. క్లయింట్ల కథలు అనుమతి లేకుండా చెప్పకూడదని ఉదయమే అరగంట క్లాసు పీకినవాణ్ణి.

చెప్పాక వెనక వరసలో ఒకమ్మాయి చెయ్యెత్తింది. "ఆ ఫోన్‌కి ఎప్పుడైనా కాల్ వచ్చిందా సార్?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదురా. ఇన్నేళ్ళుగా మీ ఇంటికి వస్తున్నాను, పిన్ని చేతి సర్వపిండి తింటున్నాను, ఆ ఫోన్‌ని కళ్ళతో చూస్తున్నాను. ఎప్పుడూ అడగలేదు.

వచ్చే నెల రెండో శనివారం కాజీపేటలో దిగుతాను. క్లాసులో చెప్పిన సంగతి పిన్నికి నేనే చెప్పుకుంటాను, నువ్వు ముందే చెప్పకు. వద్దంటే ఇంకెప్పుడూ చెప్పను. ఆ కాసేపు నువ్వు పక్కన ఉండకపోతే మంచిది, పిల్లల్ని తీసుకుని అటు భద్రకాళి చెరువు దాకా వెళ్ళిరా.

నీ
రఘు