శని ఇంట్లో యురేనస్ ఎవరు?

సంపాదకులకు,

మనవరాలి పెళ్లి సంబంధం కోసం మిర్యాలగూడలో ఒక షాపులో కంప్యూటర్ జాతకం తీయించాం. అందులో కుంభరాశికి అధిపతి యురేనస్ అని ఉంది. అప్పటి నుంచి మా ఇంటామెకు ఒకటే టెన్షన్. "మన పంచాంగంలో శని కదా, ఈ కొత్తాయన ఎవరు?" అని.

నేను బడిలో సైన్స్ చెప్పి రిటైరైనవాణ్ని. జాతకాల మీద పెద్దగా నమ్మకం లేదు గానీ, పాత లెక్కలో ఒక అందం ఉంది. సింహం సూర్యుడిది, పక్కనే కర్కాటకం చంద్రుడిది. అక్కడి నుంచి రెండు వైపులా నడుచుకుంటూ పోతే బుధుడు, శుక్రుడు, కుజుడు, గురువు తలా రెండు ఇళ్లు పంచుకుంటారు. చివరన మకరం, కుంభం పక్కపక్కనే శనివి. పన్నెండూ నిండిపోయాయి, ఒక్క గది కూడా ఖాళీ లేదు.

1781లో హెర్షెల్ టెలిస్కోప్‌తో యురేనస్‌ను కనుగొన్నాడు. తర్వాత పడమటి జ్యోతిష్కులు దానికి కుంభం ఇచ్చారు. 1846లో దొరికిన నెప్ట్యూన్‌కు మీనం, 1930 నాటి ప్లూటోకు వృశ్చికం. 2006లో ప్లూటోను మరుగుజ్జు గ్రహాల్లో కలిపారు కదా, వృశ్చికం ఖాళీ చేయించారా? లేదు!

పైగా యురేనస్ సూర్యుణ్ని ఒకసారి చుట్టడానికి 84 ఏళ్లు. ఒక్కో రాశిలో దాదాపు ఏడేళ్లు. అంటే నా క్లాసులో పిల్లలందరి జాతకాల్లోనూ యురేనస్ ఉండేది ఇంచుమించు ఒకే రాశిలో.

జాతకం ఏ పద్ధతిలో వేశారో షాపువాళ్లు పైన ఒక్క ముక్క రాస్తే చాలు. సంబంధమంటారా, కుదిరింది. అబ్బాయి తరఫువాళ్లు యురేనస్ ఊసే ఎత్తలేదు.

- ఒక రిటైర్డ్ టీచరు, మిర్యాలగూడ, నల్లగొండ జిల్లా