మాతృభాష గడిలో ఇంటి మాటే రాయండి

సంపాదకులకు నమస్కారం.

2027 జనాభా లెక్కల్లో కులం వివరాలు కూడా తీసుకుంటారని పత్రికల్లో చాలా చర్చ నడుస్తోంది. అదే ఫారంలో మాతృభాష అనే గడి కూడా ఉంటుంది. దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడటం లేదు. ఆ గడి ఎంత ముఖ్యమైనదో నాకు రాజస్థాన్‌లో తెలిసింది.

బ్యాంకు ఉద్యోగంలో ఉండగా నన్ను శ్రీగంగానగర్ జిల్లాకు బదిలీ చేశారు. వచ్చిన హిందీతో నెట్టుకురావచ్చనుకున్నాను. మొదటి వారంలోనే ఒక ముసలి రైతు వచ్చి, పంట అప్పు గడువు పెంచమని అడుగుతూ 'కాళ' అన్నాడు. నేను 'కల్' అనుకుని, నిన్న ఏం జరిగిందని అడిగాను. పక్క సీటు సహోద్యోగి కల్పించుకుని, కాళ అంటే కరువు సార్, వానలు పడలేదంటున్నాడు అని చెప్పాడు. ఆ రైతు మాట్లాడింది బాగ్రీ. ఆ జిల్లాలోనూ, హనుమాన్‌గఢ్‌లోనూ, హర్యానాలో సిర్సా, ఫతేహాబాద్, హిసార్ వైపూ, పంజాబ్‌లో అబోహర్ చుట్టుపక్కలా పల్లెల్లో వినిపించే భాష ఇదే. సరిహద్దు దాటితే పాకిస్తాన్‌లోని బహావల్‌నగర్ వైపు కూడా ఉంది.

ఆ 'ళ' చూడండి. మనకు కల వేరు, కళ వేరు. వాళ్లకూ అంతే. గాల అంటే చెంప, గాళ అంటే తిట్టు. బడిలో పిల్లలు నేర్చుకునే హిందీ అక్షరమాలలో మాత్రం ఈ ళ లేదు. ఇంట్లో రోజుకు వందసార్లు పలికే శబ్దానికి పలక మీద చోటు లేకపోవడం నాకు చాలా బాధ కలిగించింది.

స్వరం సంగతి ఇంకా విచిత్రం. పంజాబీలో ఒకే మాటను గొంతు దించి, మామూలుగా, పెంచి పలికితే గుర్రం, కొరడా, కుష్ఠురోగి అని మూడు అర్థాలు వస్తాయి. బాగ్రీలోనూ అలాంటి మూడు స్వరాలు ఉన్నాయి. నాలుగేళ్లున్నా నా చెవికి అవి పూర్తిగా పట్టుబడలేదు. వ్యాకరణమూ వేరే. రాముడి ఊరు అనడానికి హిందీలో 'రామ్ కా గాంవ్', మార్వాడీలో 'రామ్ రో గాంవ్', బాగ్రీలో 'రామ్ గో గాంవ్'. హిందీలో ఛోరా అంటే ఒక్క పిల్లాడు. బాగ్రీలో ఒక్కడైతే ఛోరో, నలుగురుంటే ఛోరా. ఇన్ని తేడాలున్న భాషను చెడిపోయిన హిందీ అనడం అన్యాయం.

కానీ అలా అనేవాళ్లు ఆ ఊళ్లలోనే ఉన్నారు. నా సహోద్యోగి తన కూతురి స్కూలు దరఖాస్తు నింపుతూ మాతృభాష దగ్గర హిందీ అని రాశాడు. ఇంట్లో మాట్లాడేది బాగ్రీ కదా అని అడిగితే, "అది రాస్తే ఊరివాళ్లమనుకుంటారు సార్" అన్నాడు. లెక్కలు కూడా ఇదే చెబుతున్నాయి. 2001 జనాభా లెక్కల్లో బాగ్రీ తమ మాతృభాష అన్నవాళ్లు 14 లక్షలకు పైగా ఉన్నారు. 2011లో 2 లక్షల 34 వేలకు పడిపోయారు. పదేళ్లలో అంతమంది ఆ భాష మానేశారంటే నేను నమ్మను. మాట్లాడేవాళ్లు మాట్లాడుతూనే ఉండి, గడిలో హిందీ అనో, రాజస్థానీ అనో చెప్పి ఉంటారు. చెప్పిన ఆ కొద్దిమందినీ చివరికి హిందీ పద్దులోనే కలిపారు. 2011లో హిందీ వాళ్లు 52 కోట్ల 83 లక్షలని అంటారు. అందులో హిందీ అనే పేరుతో నమోదైనవాళ్లు 32 కోట్లే. మిగిలినదంతా భోజ్‌పురి, రాజస్థానీ, ఛత్తీస్‌గఢీ, బాగ్రీ లాంటి భాషలవాళ్లు.

పేరు లేకపోతే ఏమవుతుందో 1986లో కనిపించింది. చండీగఢ్‌ను పంజాబ్‌కు ఇచ్చి, బదులుగా అబోహర్, ఫాజిల్కా వైపు హిందీ గ్రామాలను హర్యానాకు ఇవ్వాలన్న విషయం మాథ్యూ కమిషన్ ముందుకు వచ్చింది. ఆ గ్రామాలకూ హర్యానాకూ మధ్యలో ఉన్న కందూఖేడా అనే ఒక్క ఊరి భాష మీద రెండు రాష్ట్రాలూ పోట్లాడుకున్నాయి. ఊరివాళ్లది పంజాబీ అని తేలడంతో, ఆ గ్రామాలు హర్యానాకు ఆనుకుని లేవని వ్యవహారం ఆగిపోయింది. ఆ చుట్టుపక్కల ఎన్నో ఇళ్లలో మాట్లాడే బాగ్రీ మాత్రం ఆ తగువులో ఎక్కడా లేదు. ఉన్నవి హిందీ, పంజాబీ రెండే.

ఇది ఎక్కడో ఉత్తరాది సంగతి కదా అనుకోవద్దు. మన తండాల్లో లంబాడీలు మాట్లాడే గోర్ బోలీ కూడా రాజస్థానీ భాషలకు దగ్గరిదే. 2011లో దేశం మొత్తం మీద 32 లక్షలకు పైగా జనం దాన్ని మాతృభాషగా చెప్పుకున్నారు. వాళ్లందరూ కూడా హిందీ పద్దులోకే వెళ్లారు. నల్గొండలోనో, మహబూబాబాద్‌లోనో తెలుగు మధ్య పుట్టి పెరిగిన పిల్ల లెక్కల్లో హిందీ మనిషి అయింది.

అధికారులకు నా విన్నపం ఒక్కటే. ఇంటింటికీ వచ్చి వివరాలు రాసుకునే ఎన్యూమరేటర్ల శిక్షణలో ఈ గడికి తగినంత సమయం ఇవ్వండి. ఇంటివాళ్లు ఏ పేరు చెబితే ఆ పేరే రాయమనండి, "అంటే హిందీయే కదా" అని అందించవద్దనండి. లెక్కలు ప్రకటించేటప్పుడు ప్రతి భాషనూ విడిగా చూపండి. తండాల్లో పనిచేసే టీచర్లు, అంగన్‌వాడీ అక్కలు ఈ సంగతి ముందే ఇంటింటికీ చెప్పగలిగితే ఇంకా మంచిది.

ఇట్లు,
ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి,
ఖమ్మం.