మాపుచేల అక్షరాలు ఎవరు నిర్ణయించాలి?

సంపాదకుల వారికి,

అంతరించిపోతున్న భాషల గురించి మీ పత్రికలో ఇటీవల వచ్చిన వ్యాసం, దక్షిణ అమెరికా ఆదివాసులు లిపి తగాదాలతో కాలం వృథా చేసుకుంటున్నారని ఒక్క వాక్యంలో తేల్చేసింది. చిలీ, అర్జెంటీనాల్లోని మాపుచే ప్రజల భాష మాపుదుంగున్ విషయంలోనైనా ఆ తీర్పు సరికాదు.

స్పెయిన్ మతబోధకుడు లూయిస్ దె వల్దీవియా 1606లో లిమాలో దీని వ్యాకరణం అచ్చువేయించిన నాటి నుంచి ఈ భాషను రోమన్ అక్షరాలతోనే రాస్తున్నారు. స్పానిష్‌లో లేని ఆరో అచ్చుకూ, నాలుక కొన పళ్ల మధ్య ఉంచి పలికే ల, న లకూ ఏ అక్షరం వాడాలన్న దగ్గరే పేచీ వచ్చింది. మాపుచే భాషావేత్త అన్సెల్మో రగిలేవో 1980లలో ఒక్కో ధ్వనికి ఒక్కో అక్షరమే ఉండాలంటూ, 'చ'కు స్పానిష్ వాడే 'సి', 'హెచ్' జంటను వదిలి ఒక్క 'సి'తో సరిపెట్టాడు. ఆరో అచ్చుకు 'వి' వాడాడు. 1986 నాటి ఏకీకృత వర్ణమాల మాత్రం ఆ జంటను అలాగే ఉంచి, ఆరో అచ్చును 'యు' మీద రెండు చుక్కలతో రాసింది. ఆదివాసుల కోసం ఏర్పడిన ప్రభుత్వ సంస్థ కొనాడి తరువాత అజుమ్‌చెఫె అనే మరో పద్ధతిని ముందుకు తెచ్చింది. ఈ పేచీ పైకి చాదస్తంగా కనిపించవచ్చు గానీ, 19వ శతాబ్దం చివర మాపుచేలు తమ నేలను సైన్యంతో ఆక్రమించి, పిల్లలకు స్పానిష్ చదువు మాత్రమే చెప్పిన రాజ్యం అలవాట్లు తమ రాతలో వద్దనుకోవడం చాదస్తం కాదు. 2006లో మైక్రోసాఫ్ట్ విండోస్‌ను ఈ భాషలోకి తెస్తున్నప్పుడు, తమను అడగకుండానే పని సాగించారని మాపుచే పెద్దలు బిల్ గేట్స్‌కే లేఖ రాశారు.

అసలు ప్రమాదం వేరే చోట ఉంది. చిలీ 2017 జనాభా లెక్కల్లో తాము మాపుచేలమని చెప్పుకున్నవారు 17 లక్షలకు పైగా ఉన్నా, వారి పిల్లల్లో అత్యధికులకు ఇంటిభాష స్పానిషే. అక్కడ ఆదివాసీ విద్యార్థులు కనీసం ఐదోవంతు ఉన్న బడుల్లో వారి భాష బోధించాలన్న నిబంధన ఉంది. ఆ బోధన వారానికి కొద్ది గంటలు మించదు. ఏ వర్ణమాల వాడినా ఆ కొద్ది గంటలు పెరగవు కదా!

ఏ లిపి వాడాలన్న ప్రశ్న మన దగ్గరా ఉంది. మన ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో బయటపడిన గోండి లిపి 2018లో, కంప్యూటర్లలో లిపులకు ప్రమాణమైన యూనికోడ్‌లో చేరింది. గోండిని తెలుగు, దేవనాగరి లిపుల్లోనూ రాస్తున్నారు. ఈ అంశంపై ఇకముందు వ్యాసాలు వేసేటప్పుడు, పండితుల అభిప్రాయాల కంటే ముందు ఆ భాష మాట్లాడే ఉపాధ్యాయుల, తల్లిదండ్రుల మాటకు చోటివ్వవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు